సెకనుకు లక్ష స్పందనాలు - లెక్కించేదెలా?

ఒక మోటారు ఇరుసుకు పలుచని బిళ్ళ బిగించి ఉంది. దాని అంచున 1000 సన్నని చీలికలు. ఒకవైపు దీపం, రెండోవైపు కాంతిని గుర్తించే సాధనం. చీలిక ఎదురైనప్పుడల్లా ఒక విద్యుత్ స్పందనం పుడుతుంది. మోటారు నిమిషానికి 6000 చుట్లు, అంటే సెకనుకు 100 చుట్లు తిరిగితే, సెకనుకు లక్ష స్పందనాలు వస్తాయి. ఈ పౌనఃపున్యాన్ని కొలిస్తే మోటారు వేగం తెలుస్తుంది.

కొలిచేది మైక్రోకంట్రోలర్ అనే చిన్న కంప్యూటర్. స్పందనం వచ్చినప్పుడల్లా అది చేతిలో పని ఆపి ఒకటి కలుపుకుంటే సరిపోదా అని మీరు అడగవచ్చు. కాని రెండు స్పందనాల మధ్య వ్యవధి 10 మైక్రోసెకన్లే! దానికి వేడి చూడటం, తెరపై అంకెలు చూపటం వంటి పనులు ఇంకా ఉన్నాయి. ఇక అవి సాగేదెట్లా?

అందుకని లెక్కను చిప్‌లోనే ఉండే కౌంటరు అనే వలయానికి అప్పగిస్తారు. స్కూటరు మీటరులాగా అది తనంతట తానే లెక్కపెట్టుకుంటూ పోతుంది. ప్రోగ్రాము అప్పుడప్పుడు వచ్చి అంకె చూసుకుంటే చాలు.

చిక్కంతా ఆ 'అప్పుడప్పుడు'లోనే ఉంది. స్కూటరు మీటరులో 99,999 తరువాత అన్నీ సున్నాలే కదా? 16 బిట్ల కౌంటరు 65,535 దాటగానే సున్నాకు వస్తుంది. మన మోటారుకు ఇది 0.66 సెకనులోనే జరిగిపోతుంది. సున్నాతో మొదలుపెట్టి, సెకను గడిచాక తీరుబడిగా చూస్తే 34,464 కనిపిస్తుంది. ఆ లెక్కన వేగం నిమిషానికి సుమారు 2068 చుట్లే! మోటారు మందగించిందనుకొని యంత్రం ఇంకా కరెంటు పంపుతుంది. అంకె చూస్తే మాత్రం నిజంలాగే ఉంటుంది. నా దృష్టిలో అసలు ప్రమాదం అదే.

పోనీ, 0.1 సెకనుకొకసారి చూద్దాం. 10,000 రావాలి. చూడటం 0.01 సెకను ఆలస్యమైతే 11,000 వస్తుంది. నూటికి పది తప్పు!

రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ అవసరం ఇక్కడే. ఈ పేరు వినగానే చాలామంది 'మహావేగం' అనుకుంటారు. కాదు, గడువులోగా పని జరిపించటం దాని ధర్మం. అందులో ప్రతి పనికీ ఒక ప్రాధాన్యసంఖ్య ఉంటుంది. కౌంటరు చదివే పనికి పైసంఖ్య ఇస్తే, గడువు రాగానే తెరపై అంకెలు చూపే పనిని సగంలోనే నిలిపి, ముందు దీన్ని జరిపిస్తుంది.

ఇప్పుడు మీరొక లెక్క చేయండి. కౌంటరు మొదట 60,000 చూపింది. 0.1 సెకను తరువాత 4,464 చూపింది. ఈ మధ్యలో వచ్చిన స్పందనాలెన్ని? ఒక్కసారే సున్నా దాటిందని గుర్తుంచుకోండి. జవాబు 10,000 రావాలి.