అమ్మమ్మతో ఛోటా భీమ్

చదవడానికి ముందు: మీకు ఇష్టమైన టీవీ బొమ్మల కథ ఏది? అది మీ అమ్మమ్మకో తాతయ్యకో తెలుసా?

చదవండి

లీడ్స్‌లో శనివారం సాయంత్రం. బయట వాన. హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మమ్మ వచ్చే వారం వెళ్ళిపోతుంది. మనవడు ఇన్నాళ్ళూ ఆవిడతో "ఊఁ", "వద్దు" తప్ప పెద్దగా మాట్లాడలేదు. తెలుగు తప్పుగా వస్తే నవ్వుతారేమోనని వాడి భయం.

ఆ రోజు ఇద్దరూ "ఛోటా భీమ్ అండ్ ది కర్స్ ఆఫ్ దమ్యాన్" సినిమా పెట్టుకున్నారు. సినిమా హిందీలో ఉంది. మనవడికి హిందీ రాదు. కానీ భీమ్ సీరియల్ ఇంగ్లీషులో చాలా చూశాడు. అమ్మమ్మకి హిందీ వచ్చు. కానీ ఆ బొమ్మలెవరో తెలియదు.

"ఈ బొద్దుగా ఉన్నవాడు ఎవర్రా?"

"కాలియా, అమ్మమ్మా. ఎప్పుడూ భీమ్‌తో పోట్లాడతాడు. కానీ మంచోడే."

"మరి ఈ కోతి?"

"జగ్గు! భీమ్ ఫ్రెండ్. మాట్లాడుతుంది కూడా."

"భీమ్‌కి లడ్డూలంటే అంత ఇష్టమా?"

"లడ్డూ తింటే బలం వస్తుంది!"

అమ్మమ్మకి నవ్వొచ్చింది. "మన భారతంలో భీముడూ అంతేరా కన్నా. బకాసురుడికి పంపిన బండెడు అన్నం వాడి ఎదురుగానే తినేశాడు."

"అప్పుడు బకాసురుడు ఏం చేశాడు?"

"అది పడుకునేటప్పుడు చెప్తాను. ముందు ఇది చూద్దాం."

కొంచెం సేపటికి మనవడు అడిగాడు: "ఇప్పుడు రాజుగారు ఏమన్నారు?" అమ్మమ్మ తెలుగులో చెప్పింది.

"భీమ్ దమ్యాన్‌ని ఆగుతాడు, చూడు!" అన్నాడు వాడు.

"'ఆపుతాడు' అనాలి నాన్నా. బండి ఆగుతుంది. మనం బండిని ఆపుతాం." ఈసారి అమ్మమ్మ నవ్వలేదు. వాడు మళ్ళీ సరిగ్గా చెప్పాడు.

ఈ సినిమా ఎందుకు నచ్చుతుంది?

ఛోటా భీమ్ హైదరాబాద్‌లో పుట్టిన బొమ్మ. రాజీవ్ చిలక అక్కడ 2001లో గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ పెట్టారు. 2008లో పోగో చానల్‌లో సీరియల్ మొదలైంది. 2012 మే నెలలో ఈ సినిమా థియేటర్లకి వచ్చింది.

టీవీలో కథ కొద్ది నిమిషాలే. ఢోలక్‌పూర్‌కి కష్టం వస్తుంది, భీమ్ తీరుస్తాడు, అయిపోతుంది. సినిమాలో అందరూ ఊరు దాటి సోనాపూర్ వెళ్తారు. అక్కడ దమ్యాన్ అనే దుష్టుడు శాపం నుంచి బయటపడతాడు. వాణ్ణి ఆపడానికి భీమ్ గతంలోకి వెళ్ళాలి. కష్టం కొత్తది, పెద్దది. స్నేహితులు మాత్రం పాతవాళ్ళే. మనకి ముందే తెలిసినవాళ్ళు కాబట్టి వాళ్ళకి ఏమవుతుందోనని ఎక్కువ కంగారు పడతాం. తెలియనివాళ్ళు పక్కనుంటే వాళ్ళకి చెప్పకుండా ఉండలేం. మనవడి భయం పోగొట్టింది అదే.

కొత్త మాటలు

శాపం: చెడు జరగాలని కోపంతో అన్న మాట
దుష్టుడు: చెడ్డవాడు
గతం: జరిగిపోయిన కాలం
బండెడు: ఒక బండి నిండా ఉన్నంత

గమనించండి

ఆగు – ఆపు: వాన ఆగింది. నాన్న కారు ఆపారు.
మారు – మార్చు: రంగు మారింది. అక్క చానల్ మార్చింది.
దిగు – దించు: పాప దిగింది. అమ్మ పాపని దించింది.

చెప్పండి

1. సినిమా అర్థం కావడానికి అమ్మమ్మకి మనవడు ఎందుకు కావాలి? మనవడికి అమ్మమ్మ ఎందుకు కావాలి?
2. భీమ్‌కీ భారతంలో భీముడికీ పోలిక ఏమిటి?

ఇంట్లో చేయండి

మీకు ఇష్టమైన బొమ్మల కథలో ముగ్గురి గురించి ఇంట్లో పెద్దవాళ్ళకి తెలుగులో చెప్పండి. ఫోన్‌లో అయినా సరే. తప్పు వస్తే ఆగకండి. బకాసురుడి కథ మీకు తెలియకపోతే వాళ్ళనే అడగండి!