కోనసీమ మేడమీద హామ్ ఏంటెన్నా

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చేసింది. కొబ్బరిచెట్లతో పాటు కరెంటు స్తంభాలూ టెలిఫోన్ లైన్లూ నేలకూలాయి. అమలాపురంలో మేడమీద వాటా అద్దెకు తీసుకుని, హామ్ (ఔత్సాహిక రేడియో) లైసెన్సు తెచ్చుకున్న ఉద్యోగి ఏంటెన్నా ఎంచేటప్పుడు అలాంటి రాత్రి తెల్లారాక ఉండే పరిస్థితిని తలుచుకోవాలంటాను. విదేశాలు పలకడం తర్వాతి సంగతి, ముందు విశాఖ, హైదరాబాదు పలకాలి.

అందుకు 40 మీటర్ల బ్యాండుకి తీగ డైపోలే (మధ్యలో కేబుల్ తగిలించి రెండువైపులా సమానంగా చాచిన తీగ) మంచిది. 143ని మెగాహెర్ట్జ్‌లలో ఉన్న ఫ్రీక్వెన్సీతో భాగిస్తే పొడవు మీటర్లలో వస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కి దాదాపు 20 మీటర్లు. అంత డాబా లేదని బెంగపడొద్దు. మధ్యలో ఒక గొట్టం నిలబెట్టి, తీగను రెండువైపులా ఏటవాలుగా దించి కడితే 14 మీటర్ల జాగా సరిపోతుంది. ఎత్తు తక్కువైనా మన పనికి మేలే. తరంగం నిటారుగా పైకెళ్లి, వాతావరణపు పైపొర అయిన అయనోస్ఫియర్‌కి తగిలి, చుట్టుపక్కల కొన్ని వందల కిలోమీటర్ల మేర దిగుతుంది. పగలు బాగా పనిచేస్తుంది. రాత్రిపూట దగ్గరి ఊళ్లు వినబడకపోవచ్చు.

రాజోలు, కొత్తపేటలతో మాట్లాడ్డానికి 2 మీటర్ల బ్యాండు వేరే ఉండాలి. అర మీటరు నిలువు కడ్డీ చాలు, కానీ ఎత్తు కావాలి. రెండు చివరలా పది మీటర్ల ఎత్తుంటే పాతిక కిలోమీటర్ల వరకు ఆశించొచ్చు. కొబ్బరిమట్టలు సిగ్నల్ని మింగేస్తాయి కాబట్టి కడ్డీ ఆకులకు పైన ఉండాలి.

తీగను కొబ్బరిచెట్టుకి కట్టాలన్న ఆశ అందరికీ పుడుతుంది. గాలికి చెట్టు ఊగి తీగ తెగుతుంది. దింపు తీసే మనిషికి సన్నటి తీగ కనబడదు, అది ప్రాణాల మీదికొస్తుంది. ప్రసారం చేసేటప్పుడు తీగ చివరల్లో వోల్టేజి ఎక్కువ, పిల్లలకి అందకూడదు. కరెంటు లైన్ల పైనుంచీ కిందనుంచీ తీగ దాటించకండి.

ఉప్పుగాలికి, రేడియో నుంచి ఏంటెన్నాకి వెళ్లే కోయాక్స్ కేబుల్ అతుకులు పాడవుతాయి, వాటికి రబ్బరు టేపు బిగించి చుట్టాలి. గొట్టం కొసకి కప్పీ పెట్టి నైలాన్ తాడుతో తీగను ఎత్తండి. తుపాను హెచ్చరిక రాగానే ఒక్కరే దించేయగలగాలి, గాలి తగ్గాక ఒక్కరే మళ్లీ ఎగరేయగలగాలి. వానాకాలానికి ముందే ఒకసారి దించి ఎత్తి చూసుకోండి.