వెళ్లే ముందు హ్యాండోవర్
నర్సింగ్ సందేహాలు - సమాధానాలు
(జవాబులు: రిటైర్డ్ నర్సింగ్ సూపరింటెండెంట్)

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో చేరాను. ఐదు వారాలైంది, ఇంకా ట్రైనింగే. రోజూ రైల్లో రాకపోకలు. డ్యూటీ అంటేనే గుండె దడ. వెంటిలేటర్ అలారం నిద్రలో కూడా వినిపిస్తోంది. ట్రైనింగే కదా, చెప్పకుండా మానేసి ఫోన్ తియ్యకుండా ఉంటే చాలని ఫ్రెండ్స్ అంటున్నారు. ఏం చెయ్యమంటారు మేడం?
– ఒక సోదరి, తాడేపల్లిగూడెం

జవాబు: ముందు ఒకటి తేల్చుకో అమ్మా. నీకు పడనిది ఉద్యోగమా, ఐసీయూనా? ఈ దడ నీ ఒక్కదానిదే కాదు. కాలేజీలో నేర్చుకున్నదానికీ వార్డులో జరిగేదానికీ పొంతన కుదరక కొత్త నర్సులు పడే అవస్థ మీద అమెరికాలో మార్లిన్ క్రేమర్ 1974లోనే ‘రియాలిటీ షాక్’ అని ఒక పుస్తకం రాశారు. ఇన్‌ఛార్జి సిస్టర్‌ని అడిగి కొన్నాళ్లు జనరల్ వార్డుకు మారి చూడు. రాకపోకలే బాధైతే హాస్టల్ సంగతి అడుగు. అప్పటికీ మనసు ఒప్పకపోతే మానెయ్యి, తప్పేమీ లేదు. ట్రైనింగ్ కాలం ఉన్నదే రెండువైపులా చూసుకోవడానికి.

చెప్పకుండా మాత్రం మానకు. నేను స్టాఫ్ నర్సుగా ఉన్న రోజుల్లో, రాత్రి ఎనిమిదికి రావలసిన కొత్తమ్మాయి రాలేదు, కబురూ లేదు. పగలంతా చేసినదాన్ని తెల్లవార్లూ నేనే చెయ్యాల్సి వచ్చింది. నాలుగింటికి ఇన్సులిన్ సిరంజిలోకి తీసి, గీత రెండుసార్లు చూసుకున్నా నమ్మకం చాలక పక్క వార్డు సిస్టర్‌కి చూపించాను. ఎక్కువే తీశాను. ఆవిడ చూడబట్టి సరిపోయింది. 2020 డిసెంబరులో అంతుచిక్కని జబ్బుతో ఏలూరు ప్రభుత్వాసుపత్రికి కొద్ది రోజుల్లోనే వందల మంది వచ్చిపడ్డారు. అలాంటి రాత్రి ఒక్క సిస్టర్ తగ్గితే ఆ బరువు ఎవరి మీద పడుతుందో ఆలోచించు.

ఇక పద్ధతి. అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు ఎన్ని రోజులో చూడు. ఏమీ రాయకపోతే, ఇప్పటికే వేసిన డ్యూటీ చార్టు పూర్తయ్యేదాకానైనా ఉండు. వాట్సాప్‌లో కాదు, ముందు ఇన్‌ఛార్జి సిస్టర్‌కి ఎదురుగా చెప్పి, తర్వాత సూపరింటెండెంట్‌కి ఉత్తరం ఇవ్వు. అది కొల్లేటి చాంతాడు కానక్కర్లేదు, నాలుగు ముక్కలు చాలు:

“ఫలానా తేదీన ట్రైనీ స్టాఫ్ నర్సుగా చేరాను. వ్యక్తిగత కారణాల వల్ల ఫలానా తేదీ వరకే పనిచేయగలను. అప్పటిదాకా నా డ్యూటీలన్నీ చేసి హ్యాండోవర్ ఇస్తాను. ఆ రోజు నన్ను రిలీవ్ చేసి రిలీవింగ్ లెటర్ ఇప్పించగలరు.”

ఫిర్యాదులుంటే వేరే కాగితం మీద రాయి. ఈ ఉత్తరం కాపీ మీద ‘అందినది’ అని సంతకం, తేదీ వేయించుకో. ఆఖరి డ్యూటీలో బెడ్డు బెడ్డుకీ వెళ్లి ఏ డ్రిప్ ఎంత మిగిలింది, ఏ మందు ఎప్పుడివ్వాలి చెప్పి, రిజిస్టర్‌లో సంతకం పెట్టి, తాళాలు, ఐడీ కార్డు అప్పగించి కదులు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసినవారికి రావలసిన జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలి.

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర కొల్లేటి పల్లె. నాన్న చేపల చెరువు మీద కాపలా. ఏడాదిలోపు మానేస్తే లక్ష రూపాయలు కట్టాలని చేరేటప్పుడు బాండ్ రాయించుకున్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా వాళ్ల దగ్గరే ఉన్నాయి. మూడో నెల నడుస్తోంది. ఇంటి పరిస్థితుల వల్ల మానక తప్పదు. లక్ష ఎక్కణ్నుంచి తేవాలి?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు

జవాబు: భయపడకు, అలాగని బాండ్‌ని చిత్తుకాగితం అనుకోకు. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలని విజయా బ్యాంకు రాయించుకున్న బాండ్ చెల్లుతుందని 2025 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయితే 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి న్యాయమైన పరిహారమే ఇప్పిస్తారు. నీ ట్రైనింగ్‌కి ఎంత ఖర్చు చేశారో లెక్క చూపమని మర్యాదగా, రాతపూర్వకంగా అడుగు. ఎక్కువ రోజులు నోటీసు పనిచేస్తాననో, వాయిదాల్లో కడతాననో చెప్పి చూడు. చాలాచోట్ల బేరం అక్కడే తెగుతుంది.

సర్టిఫికెట్లు నీ సొత్తు. తిరిగి ఇమ్మని తేదీ వేసి ఉత్తరం రాయి, కాపీ దాచుకో. ఇవ్వకపోతే ఏలూరు జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లు. 1987 చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లందరికీ అక్కడ ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. అంత దూరం వెళ్లలేకపోతే 15100కి ఫోన్ చెయ్యి. నాన్నగారు అప్పు చేసి లక్ష తెచ్చేది మాత్రం ఈ పనులన్నీ అయ్యాకే.

ప్రశ్న: ఆరు వారాలే చేసి మానేశాను. కొత్త చోట ఇంటర్వ్యూలో ఆ సంగతి దాచేయొచ్చా?
– ఒక సోదరి, ఆకివీడు

జవాబు: దాచకు. పీఎఫ్ కట్టి ఉంటే యూఏఎన్‌లో ఆ ఆరు వారాలూ కనిపిస్తాయి. కొత్త చోట కూడా అదే నంబరివ్వు, రెండోది తీసుకోకు. ఎందుకు మానేశావంటే ఒక్క వాక్యంలో నిజం చెప్పు, పాత ఆసుపత్రిని తిట్టకు. ఏలూరు, గూడెం, భీమవరం ఆసుపత్రుల్లో సూపరింటెండెంట్లం చాలామందిమి ఒకరికొకరం తెలిసినవాళ్లమే. కొత్తమ్మాయి గురించి ఫోన్‌లో నేను ఎన్ని నెలలు చేసిందని ఎప్పుడూ అడగలేదు, చెప్పి వెళ్లిందా అనే అడిగేదాన్ని.