పాత హాలు పోయి కొత్త కాంప్లెక్సు వస్తే

పామర్రు విజయవాడ - మచిలీపట్నం రోడ్డు మీద ఉంది. గుడివాడ రోడ్డు ఇక్కడే మొదలవుతుంది. కూచిపూడి, చల్లపల్లి వైపు వెళ్లేవారు కూడా ఇక్కడే మలుపు తిరగాలి. అందుకే సెంటర్లో బస్సులు, ఆటోలు, ధాన్యం లారీలు, చేపల లారీలు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి.

ఇలాంటి రోడ్డు పక్కన ఒక పాత సినిమా హాలు ఉందనుకోండి. చాలాకాలంగా మూతపడి ఉంది. దాని ముందు ఖాళీ జాగా ఉంది. ఆ జాగా అంచున పూలమ్మే ఆవిడ, జామకాయలమ్మే ఆవిడ బుట్టలు పెట్టుకుంటారు. హాలు వెనుక పల్లంలో ఒక పేట ఉంది. ఇప్పుడు హాలు పడగొట్టి మూడంతస్తుల కాంప్లెక్సు కడతారట. కింద కొట్లు, పైన కల్యాణ మండపం.

"వాళ్ల స్థలం, వాళ్ల డబ్బు. మనకెందుకమ్మా?" అంటుంది పేటలో ఒకామె.

"వాన వస్తే తెలుస్తుందిలే వదినా, మనకెందుకో!" అంటుంది ఇంకొకామె.

ఈ రెండో ఆమె ఇంజనీరింగు చదవలేదు. కానీ ఇంజనీరు అడగాల్సిన ప్రశ్నే అడిగింది.

భవనం కట్టేవారు ముందు ప్లాను గీయించాలి. ఎక్కడ గోడ, ఎక్కడ మెట్లు, ఎక్కడ గేటు, ఎంత జాగా ఖాళీగా వదులుతారు, అన్నీ అందులో ఉంటాయి. ఊళ్లో భవనం కట్టాలంటే గ్రామ పంచాయతీ అనుమతి కావాలి. 1994 పంచాయతీరాజ్ చట్టం ఈ మాట చెబుతుంది. పెద్ద భవనమైతే పట్టణ ప్రణాళిక అధికారులు కూడా ప్లాను చూడాలి. గేటు జాతీయ రహదారి మీదికి తెరిస్తే రహదారి అధికారుల అనుమతి వేరే కావాలి.

ముందు నేల సంగతి. ఇక్కడిది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది. ఎండితే నెర్రెలిస్తుంది. పునాది సరిగా లేకపోతే గోడలు బీటలు వేస్తాయి. అందుకని నేలలో లోతుగా బోరు వేసి, మట్టి తీసి పరీక్ష చేయిస్తారు. ఎంత బరువు మోస్తుందో చూసి పునాది లోతు చెబుతారు. డెల్టాలో కొంచెం తవ్వితేనే నీళ్లు ఊరతాయి. సెల్లారు కోసం గొయ్యి తవ్వితే పక్క ఇంటి గోడ కింద మట్టి జారవచ్చు. ఇవేమీ చూడకుండా కడితే ప్రాణాలే పోతాయి. 2016 డిసెంబరులో హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో కడుతూ ఉన్న ఏడంతస్తుల భవనం రాత్రిపూట కూలిపోయింది. 11 మంది చనిపోయారు. విజయనగరం జిల్లా నుంచి పనికోసం వెళ్లిన కూలీలు వారిలో ఉన్నారు. ఆ భవనానికి అనుమతే లేదు.

ఇక నీళ్ల సంగతి. కాంప్లెక్సు స్థలం 25 సెంట్లు అనుకోండి. అంటే సుమారు 1000 చదరపు మీటర్లు. దాని మీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే 10,000 లీటర్ల నీళ్లు. వాయుగుండం పట్టిన రోజు 5 సెంటీమీటర్ల వాన ఈ వైపు వింత కాదు. అది 50,000 లీటర్లు. 20 లీటర్ల బిందెలతో కొలిస్తే 2,500 బిందెలు! ఇన్నాళ్లూ అందులో కొంత నీరు హాలు ముందున్న మట్టిలో ఇంకేది. ఇప్పుడు అంతా సిమెంటు చేస్తారు. పైగా రోడ్డు ఎత్తుకు రావాలని స్థలానికి మెరక తోలతారు. మరి ఆ 2,500 బిందెలు ఎటు పోతాయి? వెనుక పల్లానికి. పేటలో వంటిళ్లలోకి.

అందుకే ప్లానులో వాననీటి కాలువ ఉండాలి. ఉంటే చాలదు. ఆ కాలువ ఎందులో కలుస్తుందో చూడాలి. పూడిపోయిన పాత డ్రైనులో కలిపితే కాగితం మీద కాలువ ఉన్నట్టే, నీళ్లు మాత్రం ఇంట్లో ఉంటాయి.

రోడ్డు లెక్క ఇంకొకటి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు వస్తుంది. డ్రైవరు మనిషిని చూడాలి. బ్రేకు వెయ్యాలి. బండి ఆగాలి. దీనికంతా 80 మీటర్లు కావాలని రోడ్ల ఇంజనీర్ల లెక్క. ఆడమనిషి నడకలో అది సుమారు 120 అంగలు. అంటే గేటు దగ్గర నిలబడితే, బండ్లు వచ్చే వైపు అంత దూరం వరకు రోడ్డు కనపడాలి. మధ్యలో పెద్ద బోర్డో, ఆపిన లారీయో అడ్డం ఉండకూడదు. దీన్ని చూడడానికి టేపు కూడా అక్కర్లేదు. ఎవరైనా నడిచి చూడవచ్చు.

ఇంజనీర్లు రోడ్డు పక్కన కూర్చుని బండ్లను లెక్కపెడతారు. బస్సు, ఆటో, సైకిలు, నడిచేవాళ్లు, అన్నీ వేరువేరుగా రాస్తారు. మామూలు రోజు లెక్క ఒక్కటే చాలదు. పెళ్లి ముహూర్తాల రోజున కల్యాణ మండపానికి ఎన్ని కార్లు వస్తాయి? అవి లోపల పట్టకపోతే రోడ్డు అంచున ఆపుతారు. అప్పుడు బడిపిల్లలు తారు రోడ్డు మీదే నడవాలి. పూలబుట్ట ఇంకా ముందుకు జరగాలి. ఆ జాగా యజమానిది, నిజమే. అందులో బుట్ట పెట్టనివ్వమని గట్టిగా అడగలేరు. కానీ నడిచే దారి, బుట్టలకు వేరే చోటు గురించి గ్రామసభలో అడగవచ్చు.

అడిగేది పునాది తీయకముందే అడగాలి. ప్లానులో గీత మార్చడం తేలిక. శ్లాబు వేశాక కాలువ తవ్వమంటే ఎవరూ తవ్వరు.

కాగితాలు చూపించమని అడిగే హక్కు అందరికీ ఉంది. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. గ్రామ పంచాయతీలో అర్జీ పెట్టడానికి ఫీజు లేదు. నకళ్లకు పేజీకి 2 రూపాయలు తీసుకుంటారు. 30 రోజుల లోపల జవాబు ఇవ్వాలి. అర్జీ ఇలా రాయవచ్చు. రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద అందినట్టు సంతకం చేయించుకోవాలి.

పౌర సమాచార అధికారి గారికి,
గ్రామ పంచాయతీ కార్యాలయం, పామర్రు.

అయ్యా,
మా పేట ముందు పాత సినిమా హాలు స్థలంలో కొత్త భవనం కడుతున్నారు. దాని ప్లాను, మట్టి పరీక్ష కాగితం, వాననీటి కాలువ పటం, రోడ్డు మీదికి గేటు పెట్టడానికి ఇచ్చిన అనుమతి, వీటి నకళ్లు సమాచార హక్కు చట్టం ప్రకారం ఇప్పించ కోరుతున్నాను.

ఇట్లు,
సంతకం
పేరు, ఇంటి నంబరు, తేదీ