పోలిక వాక్యములు – ఆంగ్లానువాదము

"గుడివాడ కంటె మచిలీపట్నం సముద్రమునకు దగ్గర." ఈ వాక్యమున పోలికను తెలుపునది 'కంటె' ఒక్కటే, 'దగ్గర' అను పదము మారలేదు. ఆంగ్లమున 'నియర్' అను పదమే 'నియరర్' అగును. తెలుగున ముందు నిలిచిన గుడివాడ అక్కడ 'దాన్' వెంట చివరకు పోవును: "మచిలీపట్నం ఈజ్ నియరర్ టు ది సీ దాన్ గుడివాడ." 'ఎక్కువ' అను మాట మనసున మెదలుటచే కొందరు 'మోర్ నియరర్' అని వ్రాయుదురు. ఒక పోలికకు రెండు గుర్తులేల?

ఇంతకంటె సూక్ష్మమైన విషయము మరొకటి కలదు. 1864లో మచిలీపట్నమును ముంచివేసిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో మృతులు ప్రభుత్వ లెక్కల ప్రకారము సుమారు 10,000. "1864 నాటి మృతుల సంఖ్య 1977 ఉప్పెన కంటె ఎక్కువ" అన్నచో తెలుగువారు సర్దుకొని గ్రహింతురు. యథాతథముగా ఆంగ్లమున వ్రాసినచో సంఖ్యను ఉప్పెనతో పోల్చినట్లగును. ఇన్ని ప్రాణములను గూర్చిన వాక్యమున అట్టి తడబాటు తగదు. కావున ముందు తెలుగు వాక్యమునే సరిచేసికొనవలెను: "1977 ఉప్పెనలో కంటె 1864 ఉప్పెనలో ఎక్కువమంది మరణించిరి." ఇరువైపుల 'లో' ఉన్నది గనుక ఇరువైపుల 'ఇన్' వచ్చును: "మోర్ పీపుల్ డైడ్ ఇన్ ది 1864 సైక్లోన్ దాన్ ఇన్ ది 1977 సైక్లోన్."

అభ్యాసము: "1977 ఉప్పెనలో గుడివాడ కంటె దివిసీమకు ఎక్కువ నష్టము కలిగెను." దీనిని ఆంగ్లమున వ్రాయుడు. దివిసీమకు చేరిన 'కు' గుడివాడకు చేరలేదు; ముందుగా దానిని గమనింపుడు.