బోరు మోటారుకు సెన్సర్ తయారుచేసేవాళ్లు చేయవలసినవి, చేయకూడనివి

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను కోరింది. కరెంటు రాగానే మోటారు తనంతట తనే తిరిగితే భూగర్భ జలం వృథా అవుతుంది. నల్లగొండ, పాలమూరు రాతినేలల్లో బోరు పోసేదే కొద్దిసేపు. నేలలో తేమ చూసి మోటారు వేసి, ఆపే సెన్సర్‌ను ఇప్పుడు అదే స్టార్టర్ డబ్బాలో పెట్టాలనుకునే విద్యార్థులకు, ఇంజినీర్లకు ఈ మాటలు.

చేయవలసినవి

ముందు కంప్యూటర్‌లో నడిపి చూడండి. సర్క్యూట్‌కు ఎల్‌టీస్పైస్, సెన్సర్ల నెట్‌వర్క్‌కు కూజా అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లు ఉచితంగానే దొరుకుతాయి. వాటిలో మామూలు రోజును కాదు, అన్నీ ఎదురు తిరిగిన రోజును పెట్టండి. నిద్రలో 10 మైక్రోఆంపులే లాగే సెన్సర్‌కు 2,400 మిల్లీఆంపు-అవర్ బ్యాటరీ కాగితం మీద 27 ఏళ్లు వస్తుంది. సిగ్నల్ అందక రేడియో 40 మిల్లీఆంపులతో ఆగకుండా ప్రయత్నిస్తే అదే బ్యాటరీ 60 గంటల్లో ఖాళీ! అందుకే ప్రయత్నాలకు సాఫ్ట్‌వేర్‌లోనే హద్దు పెట్టండి. మే ఎండకు కాలిన ఇనుప డబ్బాలో లీకేజీ కరెంటు పెరుగుతుంది, ఆ వేడినీ లెక్కలోకి తీసుకోండి.

సిగ్నల్ పోవడం, బ్యాటరీ అయిపోవడం, ప్రోగ్రాం బిగుసుకుపోవడం, ఈ మూడింటినీ సిమ్యులేషన్‌లో కావాలనే తెప్పించండి. మూడింటిలోనూ మోటారు ఆగాలి. కరెంటు పోయి వచ్చినా దానంతటది మొదలు కాకూడదు.

చేయకూడనివి

మోటారును కాపాడే పనిని నిద్రపోయే సెన్సర్‌కు అప్పగించొద్దు. సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరిచేది చుట్టూ ఉన్న నీళ్లే. నీళ్లు అడుగంటాక సెన్సర్ 15 నిమిషాలకు లేచి చూసేసరికి మోటారు కాలిపోవచ్చు. డ్రై రన్, ఫేజు పోవడం, ఓవర్‌లోడ్, వీటికి స్టార్టర్‌లోనే ఎప్పుడూ మేలుకొని ఉండే విడి రిలే కావాలి. అది వాడుకునే కాస్త కరెంటు దగ్గర పొదుపు చూడొద్దు.

డబ్బాకు ఫోన్ కూడా కలిపితే, బాయికాడ మనిషి ఉన్నప్పుడు ఫోన్ నుంచి మోటారు వేయొద్దు. ఫోన్ ఆదేశాన్ని పూర్తిగా తెంచేసే చేతి స్విచ్ డబ్బాకు తప్పనిసరి. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని దాటిపోలేని విధంగా వైరింగ్ చేయండి.

415 వోల్టుల డబ్బాలో కరెంటు ఉండగా చెయ్యి పెట్టొద్దు. మెయిన్ ఆపి, ఫీజులు తీసి జేబులో వేసుకుని, టెస్టర్‌తో మూడు ఫేజులూ చూశాకే ముట్టుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫీజు పోతే లైన్‌మన్‌ను పిలవండి. మీరు ఎక్కొద్దు.

3.6 వోల్టుల లిథియం థయోనిల్ క్లోరైడ్ బ్యాటరీని చార్జ్ చేయొద్దు, పేలవచ్చు. సోలార్ పలక కలిపితే ఆ కరెంటు బ్యాటరీలోకి ఎక్కకుండా డయోడ్ పెట్టండి. ఆ డయోడ్ షార్ట్ అయితే ఏమవుతుందో కూడా సిమ్యులేషన్‌లోనే చూసుకోండి.