పౌరశాస్త్రమున ప్రభుత్వ రూపములు – నకిరేకల్ విద్యార్థికొక పాఠము

ఉన్నత పాఠశాలలలో "ప్రభుత్వ రూపములు" అను పాఠము సాధారణముగ నిర్వచనములతో ఆరంభమై నిర్వచనములతోనే ముగియును. పాలించువాడు ఒక్కడా, కొందరా, అనేకులా అను లెక్కచొప్పున గ్రీకు పండితుడు అరిస్టాటిలు చేసిన విభజనను ఉపాధ్యాయుడు నల్లబల్లమీద వ్రాయును. రాచరికమునకు బ్రిటను, అధ్యక్ష పాలనకు అమెరికా ఉదాహరణములుగ చెప్పబడును. బాలుడు వాటిని వల్లించును, పరీక్షలో రెండు మార్కులు తెచ్చుకొనును. ఆ రూపములలో పెక్కింటిని తన ముత్తాతయో, తాతయో ఈ నేలమీదనే, ఒక్క జీవితకాలమున అనుభవించిరని మాత్రము ఆ బాలునకు తెలియదు.

నకిరేకల్ నల్లగొండ జిల్లాలో, హైదరాబాదు–విజయవాడ రహదారిమీద నున్న ఊరు. 1948 సెప్టెంబరు 17వ తేదీ వరకు ఈ జిల్లా అసఫ్‌జాహీ వంశపు నిజాము రాజ్యములోనిది. కడపటి నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1911లో సింహాసనమెక్కెను. ఆయన ఫర్మానాయే చట్టము. శాసన మండలి యొకటి 1893లోనే ఏర్పడియుండెను గాని అందు అధికసంఖ్యాకులు నియమితులే. రాజు వద్దన్నదానిని కాదనగల శక్తి దానికి లేదు. ఈ సంగతి తరగతిలో తప్పక చెప్పవలెను. సభ యున్నంత మాత్రమున ప్రజాప్రభుత్వము కాదు. ఆ సభకు మనుష్యులను పంపువారెవరు, దాని మాటకు విలువ యెంత అని అడుగవలెను.

ఆ రాచరికము సైతము ఊరూర ఒకే తీరున లేదు. రాజ్యపు భూమిలో సుమారు నూటికి అరువది పాళ్లు దివానీ, అనగా సర్కారు నేరుగ శిస్తు వసూలు చేయునది. ముప్పది పాళ్లు జాగీర్లు. తక్కిన పది పాళ్లు సర్ఫెఖాస్, అనగా నిజాము సొంత ఖర్చులకు విడిచిన భూమి. పెద్ద జాగీరులలో పోలీసు, న్యాయస్థానము సైతము జాగీరుదారునివే. గ్రామమున మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ, వారిపైన దేశముఖు. పేదవాడు వెట్టికి పోవుటకు నిజామును చూచి పోలేదు, గడీలోని దొరను చూచి పోయెను. పుస్తకము "ఒక్కని పాలన" యనును గాని, రైతుకు కనబడినది "కొందరి పాలన"యే. నా అభిప్రాయమున అరిస్టాటిలు లెక్కను విద్యార్థికి అర్థము చేయించుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

సభ జరుపుకొనుటకు సైతము నాడు ముందుగ అనుమతి కావలసియుండెను. దానిని విధించిన ఉత్తరువును జనులు గస్తీ నిషాన్ తిర్పన్ అని పిలిచిరి. తిర్పన్ అనగా ఏబదిమూడు. 1930లో జోగిపేటలో ఆరంభమైన నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ, 1931లో మన జిల్లాలోని దేవరకొండలో రెండవసారి కూడినది. ఆ సభలన్నియు ఇట్టి ఆంక్షల నడుమ జరిగినవే. నేడు మన బడిలో బాలసభ పెట్టుకొనుటకు ఎవరికిని అర్జీ పెట్టనక్కరలేదు. ఆ తేడాను బాలురకు చూపినచో ప్రాథమిక హక్కుల పాఠము సగము చెప్పినట్లే.

1947 ఆగస్టు 15న భారతదేశము స్వతంత్రమైనను నల్లగొండ స్వతంత్రము కాలేదు. నిజాము చేరనని కూర్చుండెను. పదుమూడు మాసములు రజాకార్ల దౌర్జన్యము సాగినది. ఆ కాలముననే నల్లగొండ, వరంగల్లు, ఖమ్మం ప్రాంతములలో సాయుధ పోరాటము చేసినవారు సుమారు మూడువేల గ్రామములలో గ్రామరాజ్యములు నెలకొల్పితిమని వ్రాసియున్నారు. పంచాయతి కమిటీలు భూమి పంచినవి, తగవులు తీర్చినవి. ఈ రూపమునకు పాఠ్యపుస్తకమున పేరు లేదు. ఉపాధ్యాయుడు దీనిని మెచ్చుకొన్నను, మెచ్చుకొనకున్నను, దాటవేయరాదు. ఎందుకనగా ప్రభుత్వ మన్నది పైనుండి మాత్రమే దిగివచ్చునది కాదని, క్రిందివారు ఆజ్ఞను పాటించుట మానిన దినమున కూలునని ఇది చూపును.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యము ప్రవేశించెను. 17న నిజాము లొంగిపోయెను. పిదప 1949 చివరి వరకు మేజరు జనరలు జె. ఎన్. చౌదరి సైనిక గవర్నరుగ పాలించెను. ఇది సైనిక పాలన. జాగీర్లు 1949 ఆగస్టులో రద్దయినది ఈ పాలనలోనే. పోరాటములో నున్న రైతులమీద సైన్యము విరుచుకొని పడినదియు ఈ పాలనలోనే. పోరాట విరమణ 1951 అక్టోబరులో గాని జరుగలేదు. ఒక్క ప్రభుత్వము మంచిపనియు చేయవచ్చును, చెడ్డపనియు చేయవచ్చును. పనులనుబట్టి రూపము నిర్ణయమగదు. నిజాముసాగరము కట్టించినది, ఉస్మానియా విశ్వవిద్యాలయము పెట్టినది రాచరికమే. "మంచి పనులు చేయలేదా?" అని బాలుడు ప్రశ్నించినచో చేసెననియే చెప్పవలెను. ఆ పని నచ్చనినాడు ప్రజలేమి చేయగలిగిరి అన్న ప్రశ్నను వెంటనే వానికి తిరిగి వేయవలెను.

1950 జనవరి 26న రాజ్యాంగము అమలులోనికి వచ్చెను. ఎం. కె. వెల్లోడి అను ప్రభుత్వాధికారి ముఖ్యమంత్రిగ నియమితుడయ్యెను, ఎన్నికైనవాడు కాడు. మీర్ ఉస్మాన్ అలీఖాన్ రాజప్రముఖుడయ్యెను. 1952 మార్చిలో బూర్గుల రామకృష్ణారావు ఎన్నికైన ప్రభుత్వమునకు ముఖ్యమంత్రి యైనపిమ్మట, నిన్నటివరకు తన మాటయే శాసనముగ నున్న ప్రభువు మంత్రుల సలహామేరకు సంతకము చేయువాడయ్యెను. 1956 అక్టోబరు 31 వరకు ఆయన ఆ పదవిలో నుండెను. నామమాత్రాధికారి, వాస్తవాధికారి అను భేదమును నేర్పుటకు లండను వరకు పోనేల? మనిషి యొక్కడే, నివాసము హైదరాబాదే, మారినది రాజ్యాంగము.

1952 ఎన్నికలలో ఇరువదియొక్క ఏండ్లు నిండిన ప్రతివారికిని వోటు లభించినది. దొరకెంతయో వెట్టివానికంతయే. నల్లగొండ నుండి లోకసభకు నిలిచిన రావి నారాయణరెడ్డిగారికి జవాహర్‌లాల్ నెహ్రూకంటె అధికముగ వోట్లు వచ్చినవి. నాలుగేండ్ల క్రిందట సభకు అనుమతి లేని జిల్లా ఇది. వోటు వయస్సు 1989లో పదునెనిమిదికి తగ్గినది. తరువాతి ఎన్నికకు తాను వోటరగునా కాదా అని పదవ తరగతి బాలుడు వ్రేళ్లమీద లెక్కించుకొనవచ్చును.

ఆ తరువాతి మార్పులు పెద్దలకు గుర్తున్నవే. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్. 1973లో జనవరి నుండి డిసెంబరు వరకు రాష్ట్రపతి పాలన. 1975 జూన్ నుండి 1977 మార్చి వరకు అత్యవసర పరిస్థితి. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము. అత్యవసర పరిస్థితి కాలమున పార్లమెంటు ఉన్నది, రాజ్యాంగ మున్నది, పత్రికలమీద మాత్రము సెన్సారు కూర్చుండెను. రూపము నిలిచి ప్రాణము తగ్గుట యెట్లో ఆ ఇరువదియొక్క మాసములు చెప్పును.

ఇక నకిరేకల్ వీధిలోనే దొరకు పాఠ మొకటి కలదు. పార్లమెంటరీ పద్ధతికి, అధ్యక్ష పద్ధతికి గల భేదము విద్యార్థులకు ఎల్లప్పుడును చిక్కుగ తోచును. నకిరేకల్ గ్రామపంచాయతిగ నున్నపుడు 1994 చట్టము ననుసరించి సర్పంచిని వోటర్లే నేరుగ ఎన్నుకొనిరి. వార్డు సభ్యుల యెన్నిక వేరు. పురపాలక సంఘమైన పిమ్మట 2021 ఏప్రిల్ 30న జరిగిన ఎన్నికలో వోటరు తన వార్డు కౌన్సిలరును మాత్రమే ఎన్నుకొనెను. చైర్మనును కౌన్సిలు ఎన్నుకొన్నది. మొదటిది అధ్యక్ష పద్ధతికి దగ్గర, రెండవది పార్లమెంటరీ పద్ధతికి దగ్గర. నాయనమ్మ రెండు విధముల వోటు వేసియుండును. ఆమెకు ఏది మేలుగ తోచినదో అడిగి తెలిసికొమ్మనుట మంచి ఇంటిపని. మండలాధ్యక్షుని సైతము 1987లో వోటర్లే నేరుగ ఎన్నుకొనిరనియు, 1994 చట్టము దానిని మార్చెననియు చెప్పినచో వాదము రక్తి కట్టును.

మన ఇండ్లలో బాలురు వేయు ప్రశ్న మరియొకటి: అనుభవ మంటపము పార్లమెంటేనా? సభలలో వక్తలు ఔనని అనుచుందురు. ఉత్సాహము మంచిదే గాని, పౌరశాస్త్రపు తరగతిలో మాట కొలిచి పలుకవలెను. పండ్రెండవ శతాబ్దమున కల్యాణమును పాలించినది కలచుర్య బిజ్జలుడు. బసవేశ్వరుడు ఆయన కొలువులో భండారి. మంటపము పన్ను వేయలేదు, సైన్యమును నడుపలేదు. అది ప్రభుత్వము కాదు. ఐనను అల్లమప్రభువు అధ్యక్షుడుగ, చాకలి, చెప్పులు కుట్టువాడు, స్త్రీలు సరిసమానముగ కూర్చుండి ప్రశ్నించిన సభ అది. ప్రజాస్వామ్యమునకు ఎన్నిక యొక భాగము, నిర్భయముగ ప్రశ్నించుట మరియొక భాగము. మంటపమున రెండవది కలదు. ఇంతమాత్రము చెప్పినను దాని గౌరవము తగ్గదు. ఆ కల్యాణమే కాలక్రమమున నిజాము రాజ్యములో నొక నవాబుగారి జాగీరైనదని విన్న బాలురు ఆశ్చర్యపడుదురు.

నిజాము పాలనను కన్నులార చూచి జ్ఞాపకముంచుకొన్న వారు నేడు ఎనుబదియైదేండ్లు దాటినవారే. ప్రతి వేసవికి వారి సంఖ్య తగ్గుచున్నది. కావున మఠముల వసతి గృహములలో చదువు బాలురును, ఇండ్లలోని పిల్లలును ఈ సెలవులలోనే ఒక నోటుపుస్తకము తీసికొని పెద్దలను అడుగవలెను. మన ఊరు దివానీయా, జాగీరా? శిస్తు ఎవరి చేతికి పోయెను? దెబ్బలు తిన్నవాడు ఎవరితో మొరపెట్టుకొనెను? మొదటి వోటు ఎచట వేసితిరి? పెద్దలు తేదీ చెప్పలేనిచో ఇంటనున్న పాత పహాణీ, శిస్తు రసీదు చూడవచ్చును. వాటిమీద ఫసలీ సంవత్సరముండును. దానికి 590 కలిపినచో ఆ సంవత్సరము మొదలైన అక్టోబరు గల ఆంగ్ల సంవత్సరము వచ్చును. జనవరి తరువాతి మాసములకు 591 కలుపవలెను. 1357 ఫసలీ అని యున్న రసీదు నిజాము పాలన ముగిసిన ఏటిది.